పహాణీలు ఎవరింటి సొత్తూ కావు

మా పెదనాన్న భూమికి సంబంధించిన పాత పహాణీల (ఏ భూమిని ఎవరు సాగు చేస్తున్నారో ఏటా రాసే రెవెన్యూ పుస్తకాల) నకళ్ల కోసం సమాచార హక్కు చట్టం కింద పెట్టిన దరఖాస్తుకు మండల కార్యాలయం నుంచి ఈ రోజు జవాబు వచ్చింది. "సదరు సంవత్సరాల పహాణీలు ఈ కార్యాలయంలో అందుబాటులో లేవు" అని ఒకే వాక్యం, కింద సంతకం, ముద్ర. ఎప్పటి నుంచి అందుబాటులో లేవో, చివరిసారి ఎవరి అధీనంలో ఉన్నాయో, వాటి కోసం ఎవరైనా వెతికారో లేదో అందులో ఒక్క ముక్క కూడా లేదు. అవి ఎక్కడున్నాయో మా ఊళ్లో మాత్రం అందరికీ తెలుసు. గతంలో అక్కడ గ్రామ రెవెన్యూ అధికారి(వీఆర్వో)గా పనిచేసి, ఇప్పుడు మరో శాఖలో ఉద్యోగం చేస్తున్న ఒకాయన ఇంట్లో ఉన్నాయి.

జవాబు రాకముందే పెదనాన్నను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన బీరువా మీది నుంచి ఎర్రగుడ్డ మూట దించి, ముడి విప్పి, అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి తీసి చూపించారు. సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, ఆ వరుసలోనే అనుభవదారు (భూమి సాగు చేస్తున్నవాడు) గడిలో నీలిసిరాతో రాసిన మా పెదనాన్న పేరు ఉన్నాయి. పెదనాన్న ఆ పేరు మీద వేలు పెట్టి, "సారూ, గిది ఆఫీసుల ఇస్తే నా పని అయితది గదా" అని అడిగాడు. "ఆఫీసుల ఇస్తే చెదలు పడ్తయ్. నా దగ్గరున్నందుకే ఇంకా ఉన్నయ్" అంటూ ఆయన మూట కట్టేశారు. ఫోటో కూడా తీసుకోనివ్వలేదు.

ఆ మాటలో కొంత నిజం ఉండవచ్చు. మన కార్యాలయాల్లో రికార్డు గదులు ఎలా ఉంటాయో నేనూ చూశాను. కానీ ప్రభుత్వ గదికి చెదలు పట్టాయి కాబట్టి ప్రభుత్వ పుస్తకం నా ఇంటికి వచ్చిందని ఒక ఉద్యోగి చెప్పుకోవడాన్ని మనం ఎలా ఒప్పుకుంటాం? ఆయన మంచివాడైతే చూపిస్తాడు, కోపమొస్తే మూట కట్టేస్తాడు, రేపు అవతలి పక్షం వాళ్లు డబ్బిస్తే ఆ పేజీయే లేకుండా పోతుంది. ఒక రైతు హక్కు మరొకరి బీరువా మీద, వాళ్ల మనసు మీద ఆధారపడి ఉండటం నాకు భరించరాని విషయం.

ఆ పుస్తకం విలువ తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. 2020లో తెలంగాణలో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు అనుభవదారు కాలమ్‌ను తీసేశారు. దశాబ్దాలుగా భూమి దున్నుతున్నవాడి పేరు ఉండే చోటు అదొక్కటే. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భూభారతి చట్టం సాదాబైనామాల (రిజిస్ట్రేషన్ లేని కొనుగోలు కాగితాల) క్రమబద్ధీకరణకు అవకాశం ఇచ్చింది. 2014 జూన్ 2కు ముందు తెల్లకాగితం మీద కొని, కనీసం పన్నెండేళ్లుగా సాగులో ఉండి, 2020 అక్టోబర్, నవంబర్ నెలల్లో దరఖాస్తు పెట్టుకున్న చిన్న రైతులకు అది వర్తిస్తుంది. మా పెదనాన్నది అలాంటి భూమే. పన్నెండేళ్ల సాగుకు రుజువు తెమ్మంటే ఆయన ఎక్కడి నుంచి తేవాలి? ఆ రుజువును ప్రభుత్వమే తన చేతులతో రాసుకుంది, తన ఉద్యోగి చేతిలో పెట్టింది, ఇప్పుడు తన దగ్గర లేదని తనే కాగితం మీద రాసి ఇస్తోంది.

ఇది ఎక్కడ మొదలైందో గుర్తు చేసుకోండి. 2020 సెప్టెంబర్ 7న వీఆర్వోలు తమ దగ్గరున్న రికార్డులన్నీ సాయంత్రంలోగా అప్పగించాలని ఆదేశాలు వచ్చాయి. ఆ వెంటనే ఆ పోస్టులను రద్దు చేస్తూ చట్టం చేశారు. ఐదు వేలకు పైగా ఉద్యోగుల దగ్గరున్న దశాబ్దాల కాగితాలను ఒక్క పూటలో ఎవరు పేజీలు లెక్కపెట్టి తీసుకోగలరు? మూటలు జీపుల్లో వేశారు, సంతకాలు పెట్టించుకున్నారు, అంతే. 2022లో ఆ ఉద్యోగులను లాటరీ తీసి వేర్వేరు శాఖలకు పంపారు. ఇప్పుడు ఏ ఊరి పాత పహాణీ ఏ శాఖలో పనిచేసే ఏ ఉద్యోగి ఇంట్లో ఉందో తహసీల్దారుకు తెలియదు, తెలిసినా అడగరు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసినప్పుడు కూడా ఇదే జరిగింది. ఎన్ని ఊళ్ల కాగితాలు పట్వారీల వారసుల అటకల మీద మిగిలాయో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, పేర్లతో సహా చెబుతారు.

చట్టం లేక కాదు. సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రతి కార్యాలయమూ తన రికార్డులకు జాబితా, సూచిక తయారుచేసి భద్రపరచాలని 2005 నుంచి చెబుతూనే ఉంది. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం రికార్డులను అక్రమంగా ధ్వంసం చేసినవారికి ఐదేళ్ల వరకు జైలు విధించవచ్చని చెబుతుంది. అయితే అది కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకే గాని మన మండల కార్యాలయానికి వర్తించదు. కేంద్రంలో ఫైలుకు ఉన్న రక్షణ మా పెదనాన్న పహాణీకి ఎందుకు ఉండకూడదో రాష్ట్ర ప్రభుత్వం చెప్పాలి. కమిషన్‌కు వెళ్దామంటే, 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా తెలంగాణ సమాచార కమిషన్‌లో ఒక్క కమిషనర్ కూడా లేరు. ఆ రెండేళ్లు అప్పీళ్లు పెట్టుకున్నవాళ్ల గోడు ఎవరు విన్నారు?

పాత కాగితం సంగతే ఇలా ఉంటే కొత్తవాటి సంగతి ఇంకా భయంగా ఉంది. క్షేత్ర పరిశీలన ఫోటోలు, పంచనామా చిత్రాలు, పై అధికారి ఇచ్చే ఆదేశాలు ఇప్పుడు సొంత ఫోన్లలోని వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. అధికారి బదిలీ అయితే ఆ ఫోన్ కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది. దాన్ని ఏ చార్జి లిస్టులోనూ, అంటే బాధ్యతల అప్పగింత జాబితాలోనూ, రాయరు. ప్రభుత్వ క్వార్టర్ అద్దె బాకీ ఉంటే పదవీ విరమణ సమయంలో నిలదీసి వసూలు చేసే ప్రభుత్వం, ఇన్ని పుస్తకాలు నీ పేరున ఉన్నాయి, ఇవి తిరిగి ఇచ్చావా అని ఎందుకు అడగదు? బదిలీ అయినా, విరమణ చేసినా రికార్డుల అప్పగింత జాబితా పుస్తకం వారీగా రాసి, ఆ ఊరి పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించాలి. బయట ఉన్నవాటిని గడువు పెట్టి వెనక్కి రప్పించాలి, గడువు దాటితే కేసు పెట్టాలి.

ఇలాంటి జవాబే మీకూ వచ్చి ఉంటే దయచేసి ఊరుకోకండి. ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. ఒకప్పుడు ప్రభుత్వం దగ్గర ఉన్న సమాచారాన్ని దొరకడం లేదన్న కారణంతో నిరాకరించకూడదని, గట్టిగా వెతకాలని, అప్పటికీ దొరకకపోతే బాధ్యులెవరో తేల్చాలని ఢిల్లీ హైకోర్టు 2013లో ఇచ్చిన తీర్పును అందులో ప్రస్తావించండి. దాంతో పాటు మీ ఊరి వీఆర్వో 2020 సెప్టెంబర్‌లో సంతకం చేసి అప్పగించిన జాబితా నకలు కావాలని విడిగా ఒక దరఖాస్తు పెట్టండి. నేను నా రెండు కాగితాలూ సోమవారం ఇస్తున్నాను.