పాము గీత కనిపిస్తే ఈగేనా?

టమాట ఆకు, బత్తాయి ఆకు పక్కపక్కన పెట్టిన ఒక బొమ్మ రైతుల ఫోన్లలో తిరుగుతోంది. కింద ఇలా రాశారు: "చెట్టేదైనా ఆకు మీద పాము గీత ఉంటే అది ఆకుతొలిచే ఈగ పనే. పసుపు జిగురు అట్టలు కట్టండి. గీత పోయేదాకా మందు కొట్టండి."

మొదటి మాట ఆ బొమ్మలో టమాట ఆకు వరకే నిజం. టమాట, చిక్కుడు, ఆముదం ఆకుల్లో తొలిచేది లిరియోమైజా ట్రైఫోలై అనే 2 మి.మీ. నలుపు పసుపు ఈగ. మన దేశంలో ఇది 1990-91లో హైదరాబాద్ ప్రాంతంలో ఆముదం మీద మొదట బయటపడింది. బత్తాయి, నిమ్మ లేత చిగుళ్లను తొలిచేది మాత్రం ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా అనే వెండి రంగు రెక్కల పురుగు, అంటే ఈగ కాదు, చిమ్మట జాతి. జీడిమామిడి ఆకు మీద పొక్కులా లేచే మచ్చ కూడా రెక్కల పురుగుదే.

తేడా పట్టడానికి ఆకును వెలుతురుకు అడ్డంగా పట్టి భూతద్దంతో చూడండి. ఈగ గీతలో నల్లటి పెంట ఒకసారి ఈ అంచున, ఒకసారి ఆ అంచున పడి ఉంటుంది. బత్తాయిలో అది నడిమధ్యన ఒకే చారగా సాగుతుంది. కాళ్లు వెతక్కండి, ఆకు లోపల తొలిచే పిల్లపురుగులకు రెండింటిలోనూ ఉండవు. ఈగ పిల్లకు తల కూడా కనిపించదు, ముందు కొసన నల్లటి నోటి కొక్కేలే కనిపిస్తాయి. ఎదిగాక అది ఆకును చీల్చుకుని మట్టిలో పడి కోశం (రెక్కలొచ్చే ముందు కదలని దశ) అవుతుంది. బత్తాయి పురుగు ఆకు అంచు మడిచి, పట్టు అల్లుకుని అక్కడే కోశమవుతుంది. ఆకు అంచు చుట్టుకుందంటే ఈగ కాదన్నట్టే.

పసుపు అట్ట ఈగల కోసం. బత్తాయి తోటలో కడితే డబ్బు దండగ.

ఇక "గీత పోయేదాకా" అన్నది అన్నిటికంటే చేటు. గీత ఎప్పటికీ పోదు, ఆకు రాలేదాకా ఉంటుంది. గీత వెడల్పుగా ఉన్న కొసన పురుగు లేకపోతే అది ఖాళీ సొరంగం, మందు వృథా. పైగా ఘాటు మందులు మళ్లీమళ్లీ కొడితే పురుగులో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు ముందు చస్తాయి, ఈగ ఇంకా పెరుగుతుంది.

వేపగింజల కషాయం 5 శాతం చాలు: 5 కిలోల వేపగింజల పప్పు పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 100 లీటర్లు చేసి, కాస్త సబ్బు కలపాలి. బత్తాయికైతే చిగురు వేస్తున్నప్పుడే కొట్టాలి. ముదిరిన ఆకును ఆ పురుగు ముట్టదు. తొలిచిన చిగుళ్లలోంచే గజ్జి తెగులు సులువుగా లోపలికి పోతుంది.