టాకిల్స్ లెక్కపెట్టే మేధావులకు

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి ఆఫీసు గ్రూపులో. అంతకుముందు ఆదివారం టర్ఫ్ గ్రూపులో వచ్చింది, దానికి ముందు మా చిన్నాన్న కొడుకు విడిగా పంపాడు, "చూసినవా అన్నా, నీ హీరో బండారం" అని. ఆ హీరో అంటే ఫుట్‌బాలర్ ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నల్డ్, అప్పట్లో లివర్‌పూల్ రైట్ బ్యాక్ (కుడివైపు చివరి డిఫెండర్). అతను నా హీరో ఏమీ కాదు. నేను లివర్‌పూల్ అభిమానిని అంతకన్నా కాదు. కాకపోతే నోటికొచ్చింది ఐదు పాయింట్లుగా విడగొట్టి, ఒక్కోదాని ముందు ఎర్ర గుర్తు పెడితే విశ్లేషణ అయిపోతుందనుకునేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇంకా ఎవరికైనా అందకపోతే (అంత అదృష్టవంతులు ఉంటారనుకోను), అందులో ఉన్నది ఇదీ. ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నల్డ్‌కు డిఫెన్స్ రాదు, 2022 మే 28 నాటి పారిస్ ఛాంపియన్స్ లీగ్ ఫైనలే రుజువు. ఒకటి, రియల్ మాడ్రిడ్ కొట్టిన ఆ ఒక్క గోల్‌కు అతనొక్కడే కారణం, గోల్ దగ్గర వినీసియస్‌ను వదిలేశాడు. రెండు, ఎప్పుడూ పైకి వెళ్లిపోతాడు, వెనక్కి రాడు. మూడు, ఆ మ్యాచ్‌లో అతని టాకిల్స్ (ఎదుటివాడి కాలి దగ్గరి బంతిని లాక్కోవడాలు) తక్కువ, అంటే పని చేయలేదు. నాలుగు, ఇంగ్లండ్ కోచే అతణ్ని డిఫెన్స్‌లోంచి తీసి మిడ్‌ఫీల్డ్‌లో పెట్టాడు. ఐదు, ముఖంలో కసి లేదు. కింద ఒక చిన్న క్లిప్, ట్రెంట్ తల చుట్టూ ఎర్ర సున్నా.

ఐదో పాయింట్‌కు జవాబు లేదు. ముఖం చూసి ఆట చెప్పేవాళ్లు జాతకాలు చెప్పుకోవడం మంచిది, ఆదాయం కూడా బాగుంటుంది.

నాలుగోది కూడా తొందరగా తేల్చేద్దాం. 2024 యూరోలో అప్పటి ఇంగ్లండ్ కోచ్ సౌత్‌గేట్ అతణ్ని సెర్బియా, డెన్మార్క్ మ్యాచ్‌ల్లో మిడ్‌ఫీల్డ్‌లో ఆడించిన మాట నిజం. ఆ ప్రయోగం కుదరలేదన్నదీ నిజం. కానీ అతని పాస్‌లు మైదానం మధ్యలోంచి రావాలని కోచ్ అనుకుంటే, దానర్థం డిఫెన్స్ చేతకాదనా? అక్కడ కైల్ వాకర్ అనే రైట్ బ్యాక్ కూడా ఉన్నాడు, ఇద్దర్నీ ఆడించాలంటే ఒకణ్ని ఎక్కడో అక్కడ సర్దాలి కదా. హైదరాబాదీలమై ఉండి ఈ వాదన చేయడానికి మనకు సిగ్గుండాలి. భారత జట్టు కోచ్, మన రహీమ్ సాబ్ 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో, తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను డిఫెన్స్‌లోంచి తీసి ఫార్వర్డ్‌గా దించారు. దక్షిణ కొరియా మీద ఫైనల్లో అతను గోల్ కొట్టాడు, 2-1తో మనకు స్వర్ణం వచ్చింది. ఆ రోజుల్లో వాట్సాప్ ఉంటే "జర్నైల్‌కు డిఫెన్స్ రాదని రహీమే ఒప్పుకున్నాడు" అని తిప్పేవాళ్లేమో.

ఇక ఒకటి, రెండు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవండి. రాసినవాడు తను రాసింది తనే మళ్లీ చదవలేదని తెలిసిపోతుంది. పైకి వెళ్లి వెనక్కి రాలేదన్నది ఒక నేరం. గోల్ దగ్గర నిలబడి వినీసియస్‌ను వదిలేశాడన్నది ఇంకో నేరం. రెండూ ఒకే గోల్‌కు ఎలా వర్తిస్తాయి? వెనక్కి రానివాడు అక్కడ, ఎర్ర సున్నా మధ్యలో, ఎలా ఉన్నాడు?

పైకి వెళ్లడం గురించి ఒక మాట. అప్పటి లివర్‌పూల్ కోచ్ క్లాప్ జట్టులో ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లూ (కుడి, ఎడమ చివర్ల డిఫెండర్లు) పైకి వెళ్లాలి, అది వాళ్ల ఉద్యోగం. ట్రెంట్ వదిలిన ఖాళీని కుడివైపు సెంటర్ బ్యాక్, కుడివైపు మిడ్‌ఫీల్డర్ పంచుకోవాలి. ఆ రాత్రి అంటే కొనాటే, హెండర్సన్. 2018-19లో 12 అసిస్టులు (గోల్‌కు దారితీసిన పాస్‌లు), ఆ తర్వాతి సీజన్‌లో 13, ప్రీమియర్ లీగ్‌లో ఒక డిఫెండర్ ఇచ్చినవి. అవి కావాలి, కానీ అతను పైకి వెళ్లకూడదు అంటే ఎలా? కోచ్ తెలిసే తీసుకున్న రిస్క్‌ను ఆటగాడి బద్ధకంగా చూపించడం అన్యాయం.

ఇప్పుడు ఆ గోల్. 59వ నిమిషం. మ్యాచ్ ఆలస్యంగా మొదలవడంతో మనకు కిక్ ఆఫే ఒంటిగంట దాటాక. ఈ మెసేజ్ పంపినవాళ్లలో సగంమంది ఆ టైముకు గురకలో ఉన్నారని నా గట్టి నమ్మకం. క్లిప్ ఎక్కడ మొదలవుతుందో చూడండి. బంతి అప్పటికే రియల్ మిడ్‌ఫీల్డర్ వాల్వెర్డే కాలి దగ్గర ఉంది, అతను బాక్స్ వైపు దూసుకొస్తున్నాడు. ముందు జరిగిందంతా కత్తిరించేశారు. కత్తిరించిన భాగంలో ఏముంది? లివర్‌పూల్ ఆటగాళ్లు పైకొచ్చి మీద పడుతుంటే మోడ్రిచ్, కార్వహాల్ కలిసి బంతిని ఆ గుంపులోంచి బయటికి తెచ్చారు. అక్కడినుంచి కాసెమీరోకు, కాసెమీరో నుంచి కుడివైపు వాల్వెర్డేకు. అది లివర్‌పూల్‌కు ఎడమ వైపు, అంటే ట్రెంట్‌కు పూర్తిగా అవతలి వైపు. లివర్‌పూల్ లెఫ్ట్ బ్యాక్ రాబర్ట్‌సన్ ఎదురు వెళ్లకుండా వెనక్కి తగ్గుతూ పోయాడు. సెంటర్ బ్యాక్ వాన్ డైక్ కూడా అడుగు ముందుకు వేయలేదు. వాల్వెర్డేకు తల ఎత్తి చూసుకునే తీరిక దొరికింది. అప్పుడు కొట్టాడు, నేల మీదుగా, గట్టిగా, గోల్ ముఖం మీదుగా అటు చివరికి. అది షాటా పాసా అని వాదించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అటు చివర వినీసియస్ ఉన్నాడు, అంతే.

వాల్వెర్డే కాలు బంతికి తగిలే క్షణంలో క్లిప్ ఆపండి. ట్రెంట్ గోల్‌కు దగ్గరగా, లోపలికి జరిగి ఉన్నాడు. తప్పు కాదు, బంతి అవతలి వైపు ఉన్నప్పుడు ఇవతలి ఫుల్‌బ్యాక్ లోపలికే జరగాలి. లేకపోతే అతనికీ సెంటర్ బ్యాక్‌కూ మధ్య ఖాళీలోకి బెంజెమా లాంటివాడు దూరతాడు. అయితే అతని తల, ఛాతీ, పాదాలు మూడూ బంతి వైపే ఉన్నాయి. వినీసియస్ వీపు వెనక ఉన్నాడు. ఒంటిని కాస్త పక్కకు తిప్పి నిలబడితే బంతి, మనిషి ఇద్దరూ కంటికి ఆనేవాళ్లు. కనీసం ఒక్కసారి భుజం మీదుగా వెనక్కి చూసినా సరిపోయేది. చూడలేదు. అది అతని తప్పే, అందులో వాదన లేదు. ఎర్ర సున్నా గీసిన మనిషి అక్కడిదాకా కరెక్టే.

అయితే కారణాల్లో ఒకడు వేరు, ఒక్కడే కారణం వేరు. పైన చెప్పిన వరుసలో ఎక్కడ ఒక్క ముడి బిగిసినా ఆ బంతి చివరిదాకా రాదు. ఇంకో సంగతి కూడా ఉంది. అదే మ్యాచ్‌లో రియల్ గోల్‌కీపర్ కోర్టువా 9 సేవ్‌లు చేశాడు. మానే కొట్టినదాన్ని పోస్టుకు తగిలేలా తప్పించాడు, చివర్లో సలాహ్‌ను ఆపాడు. 1-0తో ఓడిన జట్టు ఓటమిని ఒక రైట్ బ్యాక్ తల చుట్టూ సున్నా గీసి తేల్చేయాలంటే ఆ గోల్‌కీపర్‌ను మొత్తానికి మరిచిపోవాలి. ఇంత మరుపు మామూలు మనిషికి సాధ్యం కాదు.

అసలు నాకు మండేది మూడో పాయింట్ దగ్గర. టాకిల్స్ తక్కువట, కాబట్టి డిఫెన్స్ చేయలేదట. మిగతా నాలుగు చదివి నవ్వుకుని వదిలేయొచ్చు, ఇది మాత్రం ఆట నేర్చుకునే పిల్లల్ని చెడగొడుతుంది.

మీ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ ఈ నెల ఒక్క దొంగను కూడా పట్టుకోలేదని జీతం కోస్తారా? దొంగలు రాకపోవడం కూడా అతని పనే కదా. టాకిల్ అంటే ఏమిటి? వింగర్‌కు (అంచు నుంచి దాడి చేసేవాడికి) బంతి అందింది, తిరిగాడు, మీదికి వచ్చాడు, అప్పుడు కాలు పెట్టాల్సి వచ్చింది. మంచి ఫుల్‌బ్యాక్ చేసే పని చాలావరకు దానికి ముందే అయిపోతుంది. వింగర్‌కు అంత దగ్గరగా ఉంటాడు, ఇక పాస్ ఇచ్చేవాడు ఇవ్వనే ఇవ్వడు. ఇచ్చినా వింగర్ గోల్‌కు వీపు పెట్టి అందుకుని వెనక్కి ఆడేస్తాడు. లేదా ఫుల్‌బ్యాక్ కాలు పెట్టకుండా, రెండు అడుగుల దూరంలో, పక్కకు తిరిగి, చిన్న చిన్న అడుగులతో వెనక్కి జరుగుతూ వింగర్‌ను టచ్‌లైన్ వైపు తోలుకెళ్తాడు. ఈలోగా మిడ్‌ఫీల్డర్ సాయానికి వచ్చేస్తాడు. ఇవేవీ ఏ లెక్కలోనూ పడవు. బంతి ఎక్కువసేపు సొంత జట్టు దగ్గరే ఉంటే టాకిల్ చేసే అవసరమే రాదు. పైగా తప్పు చోట నిలబడి, పరిగెత్తుకొచ్చి, దొర్లి బంతి తీసినవాడికి లెక్కలో ఒకటి పడుతుంది, స్టేడియం చప్పట్లు కొడుతుంది. సరైన చోట ముందే నిలబడ్డవాడికి సున్నా. ఈ లెక్కన అతి చెత్త జట్టులో ఫుల్‌బ్యాక్ ప్రపంచంలోనే గొప్ప డిఫెండర్ అయిపోతాడు. రోజంతా వాళ్ల మీదికే వస్తారు కాబట్టి.

దీని ఫలితం కళ్లారా చూస్తున్నాను. కోంపల్లి వైపు ఒక టర్ఫ్‌లో పిల్లల మ్యాచ్. ఎనిమిదో క్లాసు కుర్రాడు, రైట్ బ్యాక్. వాళ్ల నాన్న నెట్ బయట నిలబడి ఫోన్‌లో లెక్క రాసుకుంటున్నాడు. అవతలి వింగర్ బంతి పట్టుకున్నాడో లేదో వీడు బాణంలా వెళ్లి మీద పడతాడు. మొదట్లో రెండు మూడుసార్లు బంతి దొరికింది, నాన్న ముఖం వెలిగిపోయింది. అవతలి పిల్లవాడు తెలివైనవాడు, కనిపెట్టేశాడు. తర్వాత నుంచి బంతిని పాదం కింద ఆపి, ఒక్క క్షణం ఆగేవాడు. వీడు వచ్చి జారేవాడు. వాడు బంతిని అటు తోసి పక్కనుంచి వెళ్లిపోయేవాడు, వీడు పచ్చ గడ్డి మీద మోకాలు గీసుకుని కూర్చునేవాడు. ఆ పక్కనుంచే రెండు గోల్స్ పడ్డాయి. మ్యాచ్ అయ్యాక నాన్న కోచ్ దగ్గరికొచ్చి, "మావోడు ఇయ్యాల ఏడు టాకిల్స్ కొట్టిండు సార్" అన్నాడు. కోచ్ ఏమీ అనలేదు, నీళ్ల బాటిల్ మూత తిప్పుతూ ఉండిపోయాడు. ఆగు, తొందరపడకు, వాణ్నే తప్పు చేయనీ అని వారమంతా చెప్పిన కోచ్ ఇంకేమంటాడు? పిల్లవాడు కోచ్ మాట వింటాడా, ఇంట్లో నాన్న ఫోన్‌లో ఉన్న అంకె వింటాడా?

అంకెలే కావాలనుకుంటే మీరే లెక్కపెట్టుకోండి, పెద్ద చదువేమీ అక్కర్లేదు. మ్యాచ్ పెట్టుకుని వింగర్‌ను మాత్రమే చూడండి. బంతి అందినప్పుడు అతను గోల్ వైపు తిరిగి ఉన్నాడా, వీపు పెట్టి ఉన్నాడా? అందుకున్నాక ముందుకు వెళ్లాడా, వెనక్కి ఆడాడా? రైట్ బ్యాక్‌కూ పక్క సెంటర్ బ్యాక్‌కూ మధ్య ఇంకో మనిషి దూరేంత ఖాళీ ఎన్నిసార్లు వచ్చింది? ఆ వైపు నుంచి క్రాస్‌లు ఎన్ని వచ్చాయి, ఎవరూ అడ్డు లేకుండా వచ్చినవెన్ని? ఇలా చూస్తే పారిస్ ఫైనల్లో ట్రెంట్ మరీ గొప్పగా ఆడాడని నేనూ చెప్పను. రియల్ గోల్ వైపు కొట్టిన షాట్లే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఒకటి లోపల పడింది, అప్పుడు అతను వెనక్కి చూడలేదు. పెద్ద తప్పే. ఆ ఒక్క క్షణాన్ని "డిఫెన్స్ రాదు" అనే తీర్పుగా మార్చడానికే టాకిల్స్ లెక్కను అరువు తెచ్చుకున్నారు.

"గెలిచిన రియలే 2025లో అతణ్ని తీసుకుంది కదా" అని మా గ్రూపులో ఒకాయన నా తరఫున వాదించాడు. వద్దు బాబూ. రియల్ ఎవర్ని తీసుకుంటే వాడికి డిఫెన్స్ వచ్చినట్టు కాదు. అతని పాస్‌ల కోసం తీసుకుని ఉండొచ్చు. చెత్త వాదనకు ఇంకో చెత్త వాదన జవాబు కాదు.

ఒక ఉచిత సలహా ఇస్తాను. ట్రెంట్‌ను నిజంగా ఇరికించాలంటే తప్పు మ్యాచ్ పట్టుకున్నారు. అదే రియల్, అదే వినీసియస్, 2021 ఏప్రిల్ 6, ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ మొదటి మ్యాచ్. ముందు క్రూస్ వెనకనుంచి పొడుగ్గా వేసిన బంతికి వినీసియస్ డిఫెన్స్ మధ్యలోంచి దూసుకొచ్చి గోల్ కొట్టాడు. కాసేపటికే మళ్లీ అలాంటి పొడుగు బంతే వచ్చింది. ఈసారి ట్రెంట్ వెనక్కి పరిగెత్తి అందుకున్నాడు కూడా, కానీ గోల్‌కీపర్‌కు అందించబోయి తలతో వెనక్కి కొట్టాడు. బంతి నేరుగా అసెన్సియో ముందు పడింది. రెండో గోల్. 3-1తో ఓడారు. ఆ రోజు అతని ఆట దారుణం, ఇందులో నేను మీ వైపే. ఆ మ్యాచ్ మీద మెసేజ్ రాస్తే నేనే పది గ్రూపులకు పంపిస్తాను. కాకపోతే తలతో వెనక్కి కొట్టిన ఆ బంతి టాకిల్స్ పట్టికలో ఏ గడిలోనూ కనిపించదు.