గెస్టుగారికి కడుపు నిండింది

కొరమీను పులుసు ఉన్న ఇంట్లో పెరుగన్నం తిని బయటికొచ్చిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడాలనుంటే నెల్లూరులో ఒక బడివాళ్ళ రెండో తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో వీడియో ఉంది. బడి పేరు చెప్పను. చెబితే ఆ కోపం ఫీజు మీద చూపిస్తారు, కట్టేది మా మేనకోడలు.

నేను నెల్లూరు పోయింది వేరే పని మీద. ఆ పని కాలేదు, దాన్ని వదిలేయండి. బస్సు దిగకముందే అక్క ఫోను చేసింది. "నిన్న పులుసు పెట్టినా. నీ వాటా దాకలో అట్నే ఉండాది. తినకుండా పోయినావంటే చూడు" అని. మాది కందుకూరు. 1970కి ముందు నెల్లూరు జిల్లా, ఆ తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు, ఆ తర్వాత మళ్ళీ ప్రకాశం. కాగితాల్లో మమ్మల్ని ఎటు తిప్పినా, పులుసు దగ్గర మాత్రం మా నాలుక ఎప్పుడూ నెల్లూరు వైపే. అందులోనూ నిన్నటి పులుసు. మొదటి రోజు చింతపండు చింతపండుగానే ఉంటుంది, కారం కారంగానే ఉంటుంది, ముక్క చప్పగా పక్కన పడి ఉంటుంది. రాత్రంతా దాకలో ఊరి, తెల్లారేసరికి నూనె పైకి తేలి, మామిడికాయ గుజ్జంతా పులుసులో కలిసిపోయి తొక్కా టెంకా మాత్రం మిగిలినప్పుడు కదా అసలు సంగతి!

ఇల్లు చేరేసరికి డైనింగ్ టేబుల్ మీద గుడ్డ పరిచి ఉంది. ఆ టేబుల్ మీద గుడ్డ ఉండగా నేను ఎన్నడూ చూడలేదు. మామూలుగా దాని మీద కరెంటు బిల్లులు, మందుల డబ్బా, సగం వలిచిన వెల్లుల్లి ఉంటాయి. ఫ్రిజ్ మీద మిక్సీ అట్టపెట్టె, దానికి ఆనించి ఫోను. మేనకోడలు చేతిలో ఒక కాగితం. పాప చెవుల దాకా జడలేసుకుని, ఫ్రాకు తొడుక్కుని, పరీక్షకి పోయే మొహం పెట్టుకుని నిలబడి ఉంది.

"మామా, సమయానికి వచ్చావు. గెస్ట్ వేషం ఖాళీగా ఉంది" అంది మేనకోడలు.

సంగతేందంటే, బడిలో ఒక యాక్టివిటీ ఇచ్చారు. ఇంట్లో అందరూ కూర్చుని భోంచేస్తూ ఇంగ్లీషులో మాట్లాడుకోవాలి. దాన్ని వీడియో తీసి సాయంత్రం అయిదు లోపల గ్రూపులో పెట్టాలి. ఎవరేం మాట్లాడాలో కాగితం మీద వాళ్ళే రాసిచ్చారు. తెలుగు ముక్క వినబడితే మార్కులు కట్. పాప నాన్న మద్రాసులో ఉద్యోగం, శనివారం రాత్రికి గానీ రాడు కాబట్టి ఫాదర్ వేషం బావకి పడింది. మదర్ మేనకోడలే. మా అక్కకి ఏ వేషమూ లేదు. ఆ కాగితంలో గ్రాండ్‌మదర్ అనే మనిషే లేదు. పులుసు పెట్టింది ఆమె, ఆ టేబుల్ కొన్నది ఆమె, కానీ వీడియో అయ్యేదాకా వంటింట్లోంచి రావొద్దనీ, గిన్నెలు చప్పుడు చేయొద్దనీ ఆమెకి చెప్పేశారు.

కాగితం చదివాను. తినే ముందు అందరూ కలిసి 'బోనపెతీ' అనాలట, అంటే తృప్తిగా తినండి అని. ఇంగ్లీషు నేర్పించే కాగితంలో మొదటి మాటే ఫ్రెంచిది! బావ దాన్ని 'బాన్ అప్పటైట్' అని గట్టిగా చదివి, తర్వాత ఇంకేమీ చదవకుండా కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయనకి ఆ తర్వాత ఉన్నది ఒక్కటే డైలాగు: 'ప్లీజ్ పాస్ ది సాల్ట్.' మిగతా టైమంతా, బ్రాకెట్లో రాసి ఉంది, 'ఫాదర్ ఎంజాయ్స్ ద మీల్.' బావ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పై ఆఫీసు నుంచి వచ్చిన ఏ ఆర్డరునీ ఇంత శ్రద్ధగా అమలు చేసి ఉండడు.

నాకు రెండు డైలాగులు. మొదటిది: 'ఇట్ స్మెల్స్ వండర్‌ఫుల్! ఐ కుడ్ ఈట్ ఎ హార్స్!' రెండోది: 'నో థాంక్ యూ, ఐ యామ్ ఫుల్.' ఈ రెండింటికీ మధ్య ఏముందో చూద్దామని కాగితం తిరగేశాను. ఏమీ లేదు. గుర్రాన్నయినా తినేసేంత ఆకలితో ఇంటికొచ్చిన మనిషికి తర్వాతి లైనులో కడుపు నిండిపోయింది. మధ్యలో వాడు తినడానికి ఆ కాగితంలో చోటే లేదు.

"మరి నేను తినేదెప్పుడమ్మా?" అని అడిగాను.

"వీడియో అయినాక తిందువులే మామా. ఇప్పుడు పులుసు కలిపితే ప్లేటంతా ఎర్రగా అవుతుంది, నీటుగా రాదు" అంది. నా ప్లేటులో పిడికెడు తెల్లన్నం, రెండు కీరా ముక్కలు. బావ ప్లేటులో పులుసు. ఫాదర్ ఎంజాయ్ చెయ్యాలి కదా.

యాక్షన్ అన్నారు. బోనపెతీ అయింది. నేను గుర్రం డైలాగు చెప్పాను. వంటింట్లోంచి అక్క, "గుర్రమేందిరా మజ్జాన్నం పూట!" అంది. కట్. అక్కకి మళ్ళీ వార్నింగు. మళ్ళీ బోనపెతీ, మళ్ళీ గుర్రం. ఈసారి బావ సాల్టు అడగడం మర్చిపోయాడు. నోట్లో తలకాయ ముక్క ఉంది. కట్.

ఇక అసలు ఘట్టం. పాప రెండు చేతులతో స్టీలు గిన్నె పట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఆ గిన్నె నా ముక్కుకి జానెడు దూరంలో ఆగింది. ఎర్రటి పులుసు మీద నూనె పొర, అందులో ట్యూబ్‌లైటు నిలువునా మెరుస్తోంది. గిన్నె అంచుకి ఆనుకుని నడుం ముక్క, చర్మం కాస్త విడి, లోపల తెల్లగా. పక్కన మామిడి టెంక. మెంతుల వాసన.

"వుడ్ యూ లైక్ సమ్ మోర్ ఫిష్, గ్రాండ్‌పా?" అంది పాప. మోర్ అట! ముందు వేసిందెక్కడ?

ఇక్కడ మన పద్ధతి ఒకటి చెప్పాలి. మా వైపు వడ్డించేవాళ్ళు గరిటె ఎత్తితే తినేవాడు "చాలు చాలు" అంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి. పెట్టేటప్పుడు వేళ్ళు ఎడంగా ఉంచాలి. ఆ సందుల్లోంచి పులుసు అన్నంలోకి దిగుతుంది. "అయ్యయ్యో, ఎందుకు వేశారు" అనాలి. అనేలోపు రెండో గరిటె వస్తుంది. వద్దన్నవాడికే ఎక్కువ పడుతుంది. వద్దనకుండా గమ్మునున్నవాడికి మొహమాటం లేదని పేరొస్తుంది, ముక్క మాత్రం చిన్నది వస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ నేను వద్దన్న ప్రతి చేపముక్కా తిన్నాను. ఆ అలవాటు మీద ఉన్న ధైర్యంతోనే కెమెరా వైపు నవ్వుతూ, "నో థాంక్ యూ, ఐ యామ్ ఫుల్" అన్నాను. చెయ్యి కూడా అడ్డం పెట్టాను. వేళ్ళు ఎడంగానే పెట్టాను.

"ఓకే" అని పాప గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

మా సింగరాయకొండ స్టేషన్లో ఆగని సూపర్‌ఫాస్టులా పోయింది ఆ గిన్నె. నడుం ముక్క, టెంక, నూనె పొర, ట్యూబ్‌లైటు, అన్నీ నా కళ్ళ ముందు నుంచి సాగిపోయి బావ దగ్గర హాల్టయ్యాయి. పాపని తిట్టడానికి లేదు. టీచరు చెప్పింది: గెస్ట్ నో అంటే నో అనే అర్థం, రెండోసారి అడగడం బ్యాడ్ మ్యానర్స్. ఏడేళ్ళ పిల్లకి ఎవరైనా ఇట్టాంటివి నేర్పిస్తారా అండీ? రెండోసారి అడగని ఇంటికి మళ్ళీ చుట్టం వస్తాడా?

పోయినేడు రొట్టెల పండక్కి మా మేనకోడలు స్వర్ణాల చెరువులో దిగి చదువు రొట్టె పట్టుకుంది. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పట్టుకుని తింటారు. ఉద్యోగానికొకటి, పెళ్ళికొకటి, ఇంటికొకటి, చదువుకొకటి. ఈమె కోరిక, పాప తడుముకోకుండా ఇంగ్లీషు మాట్లాడాలని. తీరిపోయింది. ఈసారి ఆమె రొట్టె ఇవ్వడానికి పోతుంది. వెంట నేనూ పోయి, చేపముక్క రొట్టె ఎవరైనా ఇస్తున్నారేమో బారాషహీద్ దర్గా అంతా తిరిగి చూస్తాను.

ఆ టేకూ ఓకే కాలేదు. నా మొహంలో 'కంటెంట్‌మెంట్' కనబడటం లేదట. "నిండా తిన్నట్టు పెట్టు మామా మొహం" అంది మేనకోడలు. తినకుండా తిన్న మొహం పెట్టడం నాకేం తెలుసు? మళ్ళీ గిన్నె వచ్చింది. మళ్ళీ నో థాంక్ యూ. మళ్ళీ పోయింది. వచ్చిన ప్రతిసారీ అందులో ఒక ముక్క తక్కువ. ఫాదర్ ఎంజాయ్ చేస్తూనే ఉన్నాడు. ఉప్పు అడుగుతూనే ఉన్నాడు. ఆయనకి బీపీ ఉంది, ఆ ఉప్పు ఏం చేశాడో తెలీదు.

టైము నాలుగూ ముప్పావు. గిన్నె అడుగు కనబడుతోంది, ఒకే ఒక్క తోకముక్క తేలుతోంది. "వుడ్ యూ లైక్ సమ్ మోర్ ఫిష్?" అంది పాప. నోరు నా మాట వినలేదు. "నో థాంక్..." దాకా వచ్చి, "ఆ తోకముక్కన్నా ఇట్టా ఎయ్యి తల్లీ, నీకు పుణ్యముంటది!" అనేసింది.

పాప బిత్తరపోయి కాగితం వంక చూసింది. అందులో ఆ డైలాగు లేదు. లేదు కాబట్టి "ఓకే" అని గిన్నె తీసుకుని పోయింది.

మళ్ళీ తీయడానికి టైము లేదు. అదే పెట్టేశారు.

సరే, అయిందేదో అయింది, దాకలో నా వాటా ఉంది కదా అని వంటింట్లోకి పోయాను. దాక తోమి బోర్లించి ఉంది. అక్క మొహం అటు తిప్పుకుంది.

"నా వాటా ఏదక్కా?"

"పైన అద్దెకున్నోళ్ళకి పంపించేశా."

"ఎందుకు?"

"ఎందుకేంది? అన్నిసార్లు నో థాంక్యూ, నో థాంక్యూ అంటుంటే నాకు వినబళ్ళా? ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ వచ్చురా. నా పులుసు బాలేకపోతే బాలేదని తెలుగులో చెప్పి ఏడవొచ్చు కదా!"

నేను ఎంత చెప్పినా వినలేదు. అది నాటకం అన్నాను. "నాటకానికి మా పులుసే దొరికిందా" అంది. పెరుగన్నం కలిపి గిన్నె నా ముందు పెట్టి, రెండోసారి అడక్కుండా పోయింది. మా అక్క! రెండోసారి అడక్కుండా!

బస్టాండు ఎదురుగా కారం దోశ తిని బస్సెక్కాను. కడుపు మంట కారానిదో మరి దేనిదో గానీ, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఫోనులో వెతకడం మొదలుపెట్టాను. ఎందుకంటే ఆ ఇంట్లో పాప ఇంగ్లీషు నోటు పుస్తకం కూడా చూశాను. 'ఐ ఈట్ టిఫిన్ ఎట్ ఎయిట్' అని రాసింది పిల్ల. టిఫిన్ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి పక్కన 'నాట్ ఇంగ్లిష్' అని రాశారు. ఇంగ్లీషు కాకపోతే మరేంది? మన దేశంలో ఉన్న ఇంగ్లీషువాళ్ళు మధ్యాహ్నం పూట తిన్నదాన్నే టిఫిన్ అన్నారు. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఆ మాట ఉంది. లంచ్ వేరు, డిన్నర్ వేరు, మధ్యాహ్నం డిన్నర్ అనకూడదు అని ఇంకో చోట రాశారు. ఇంగ్లండులోనే ఉత్తరాదివాళ్ళు చాలామంది మధ్యాహ్నం తినేదాన్ని డిన్నర్ అంటారు, సాయంత్రం భోజనాన్ని టీ అంటారు. అక్కడి బళ్ళలో పిల్లలకి మధ్యాహ్నం వడ్డించే ఆడవాళ్ళకి డిన్నర్ లేడీస్ అనే పేరు. బ్రంచ్ అని, పొద్దుటిదీ మధ్యాహ్నందీ కలిపి ఒకేసారి తినేది, ఇంకొకటి బట్టీ పట్టించారు పిల్లతో. 1895లో గై బెరింజర్ అనే ఆయన ఆ మాట పెట్టి వ్యాసం రాసింది శనివారం రాత్రి షికార్లు చేసొచ్చి ఆదివారం పొద్దెక్కి లేచేవాళ్ళ సుఖం కోసం. రెండో తరగతి పిల్లకి దాంతో ఏం పని? ఇదంతా టైపు చేసి ఆ గ్రూపులో పెట్టమని మేనకోడలికి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, అంతే.

కావలి దాటాక ఆమె దగ్గర్నుంచి ఒక స్క్రీన్‌షాటు వచ్చింది. మా వీడియో కింద టీచరు మెసేజి: 'చైల్డ్ ఎక్సలెంట్. ఫాదర్ వెరీ న్యాచురల్. గెస్ట్ యూజ్డ్ తెలుగు, వన్ మార్క్ కట్.' దాని కింద ఎవరో తల్లి నవ్వుతూ ఏడ్చే బొమ్మలు వరసగా పెట్టి, 'పాపం ఆ తాతకి తోకముక్క వేశారా లేదా?' అని తెలుగులోనే అడిగింది. ఆమెకి మార్కులు కట్ చేశారో లేదో తెలీదు.

వెనకాలే మేనకోడలి మెసేజి: 'మామా, వచ్చే నెల యాక్టివిటీ ఎట్ ద డెంటిస్ట్. పేషెంట్ వేషానికి నువ్వయితే బాగుంటావంటోంది పాప.'

అప్పట్నుంచీ ఆ ఇంటి ఫోనొస్తే ఎత్తడం లేదు.