ఐడియా రొట్టె

నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గర ఒక మేడ మీద స్టూడియో ఉంది. నాలుగేళ్ల కిందటి దాకా దాని బోర్డు మీద 'పెళ్లిళ్లకు, ఓణీల ఫంక్షన్లకు వీడియో తీయబడును' అని ఉండేది. ఇప్పుడు బోర్డు మారింది. పైన పెద్దక్షరాల్లో 'మీడియా ప్రొడ్యూసర్'. కింద చిన్నక్షరాల్లో 'టెక్నాలజీతో, సంస్కృతితో ఆలోచనలు పంచడమే మా ఫ్యాషన్'. ప్యాషన్ అని రాయమంటే పెయింటర్ ఫ్యాషన్ అని రాశాడు. అబద్ధమేమీ లేదు కదా అని ప్రొడ్యూసర్ గారు దిద్దించలేదు.

ఆయన్ని వెక్కిరించడానికి ఇది రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. నేను ఆయన పక్షం. డబ్బున్నవాడు డబ్బు పంచుతాడు, అన్నం ఉన్నవాడు అన్నం పెడతాడు. అందులో గొప్పేముంది? తన దగ్గర లేనిదాన్ని పొద్దున లేచింది మొదలు పంచుతూ ఉండాలంటే ఎంత పెద్ద మనసు కావాలి!

ఒకసారి స్టూడియోకి వెళ్లాను. రెండు కెమెరాలు, డ్రోను, రింగు లైటు, కాలరు మైకులు, అన్నీ వాయిదాల మీదే. కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"ఇంతకీ పంచే ఆలోచన ఏందబ్బయా?" అన్నాను.

"కంటెంటన్నా."

"అందులో ఏముంటుంది?"

"హుక్కు. మొదటి మూడు సెకన్లలో చూసేవాణ్ణి పట్టెయ్యాల."

"పట్టినాక?"

"అది ఇంకా అనుకోలేదన్నా."

మైపాడులో గాలం వేసేవాళ్లు పాతకాలం మనుషులు కాబట్టి ఇంకా కొక్కేనికి ఎర గుచ్చుతున్నారు. ఇక్కడ ఎర కూడా దండగే. ఒట్టి కొక్కేనికి జనం పడుతున్నారు.

పడ్డా, డబ్బు రావడం అంత తేలిక కాదు. పొడుగు వీడియోలకి యూట్యూబు ప్రకటనల డబ్బు పంచాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, ఏడాదిలో 4,000 గంటలు జనం చూసి ఉండాలి. ఆ గంటల కోసం ఆయన అత్తగారింట్లో నాలుగు ఫోన్లు రాత్రంతా అల్లుడి వీడియోలు చూస్తుంటాయి. మనుషులు మాత్రం పడుకుంటారు.

ఇక సంస్కృతి. మొదట తిక్కన మీద పడ్డాడు. పెన్న ఒడ్డున నిలబడి, నదిని వెనక పెట్టుకుని (నది సగమే కనపడింది, మిగతా సగం ఆయన భుజం), మనుమసిద్ధి కొలువులో కవి, 13వ శతాబ్దం, భారతంలో పదిహేను పర్వాలు అని చదివి ఆగిపోయాడు. "పదిహేనా? ఒక్కడేనా? టీం లేదా?" అని నన్నే అడిగాడు. లేదన్నాను. నన్నయ్య మూడో పర్వం మధ్యలో వదిలేస్తే, తిక్కన ఆ మిగిలింది ముట్టుకోకుండా నాలుగోదైన విరాటపర్వంతో మొదలుపెట్టాడని కూడా చెప్పాను. ఆ మాట వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"అంటే స్కిప్ చేశాడన్నమాట! అప్పుడే ఎంత అడ్వాన్సుడన్నా!"

ఆ వదిలేసిన భాగాన్ని తర్వాత ఎర్రన పూర్తి చేశాడనీ, ఆయన అద్దంకి రెడ్డిరాజుల ఆస్థాన కవి అనీ అంటే, "ఎడిటరు ఒంగోలు సైడన్నమాట" అని రాసుకున్నాడు. నలభై ఏళ్లుగా సాహిత్య సభల్లో వక్తలు గంటలకొద్దీ చెప్తున్నా కవిత్రయంలో ఎవరి పనేమిటో ఇంత క్లుప్తంగా నాకెవరూ చెప్పలేదు. వీడియో అరవై సెకన్లు. కురుక్షేత్రం నలభయ్యో సెకనుకే ముగిసింది. మిగతా ఇరవై సెకన్లలో ఒక బిర్యానీ హోటలు ప్రకటన. భీష్ముడికి అంపశయ్య మీద మాట్లాడే టైము దొరకలేదు. శాంతిపర్వం, అనుశాసనికపర్వం కలిపి ఆయన ఎంతసేపు మాట్లాడాడో తెలిసినవాళ్లకి ఇది కొంత ఊరటే.

ఆ తర్వాత ఆవు. 19వ శతాబ్దంలో మన ఒంగోలు పశువులు ఓడెక్కి బ్రెజిల్ పోయాయి. అప్పటికి ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోదే కాబట్టి అక్కడ ఆ జాతికి 'నెలోరి' అని పేరుపడింది. ఇప్పుడు ఆ దేశపు పశుసంపదలో సింహభాగం దానిదే. వియాటినా-19 అనే నెలోరి ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటేసరికి ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆవుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. నిజానికి ఇందులో ఆలోచించాల్సింది చాలా ఉంది. విత్తనం మనది, దాన్ని నూరేళ్లకు పైగా ఓపిగ్గా సాకి వృద్ధి చేసింది వాళ్లు. ఇక్కడ ట్రాక్టర్లొచ్చాక ఎద్దు పనికి డిమాండు పోయింది, పోషణ ఖర్చు మాత్రం పోలేదు. ప్రొడ్యూసర్ గారు వీటిలో ఏ ఒక్కటీ ముట్టుకోలేదు. 'ఈ ఆవు మీ ఇంట్లో ఉంటే మీరు కోటీశ్వరులే' అని పెట్టాడు.

ఒంగోలు దగ్గర ఒక రైతు ఇంట్లో గిత్త ఉందంటే షూటింగుకి వెళ్లాం. అది పందేల్లో బండ లాగే గిత్త. మూపురం చూస్తే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. డ్రోను పైకి లేచి రొద పెట్టగానే గిత్త ఒక్క విదిలింపుతో పలుపు తెంపుకుని వామి వైపు పరిగెత్తింది. మేము ఇంకోవైపు పరిగెత్తాం. సాయంత్రం వీడియో చూసి రైతు ఫోన్ చేశాడు.

"అబ్బయా, పైన పెట్టిన బొమ్మ మా గొడ్డు కాదే. మూపురం లేదు, మచ్చలున్నాయి. సీమావు కదా అది?"

"థంబ్‌నెయిల్‌కి పర్లేదులే మామా. కలర్ బాగా పాప్ అవుతుంది."

ఆ రైతు ఇంకా ఆ 'పాప్' ఏమిటో తెలుసుకునే ప్రయత్నంలో ఉన్నాడు. అది మేతా, రోగమా అని నన్ను కూడా అడిగాడు.

మార్కాపురం పలకల మీద ఒక ఎపిసోడ్ చేద్దామని నేనే సలహా ఇచ్చాను. నా తరానికి ఆలోచన పంచుకునే టెక్నాలజీ అదే. రాసింది బాగోలేకపోతే ఉమ్మి తుడిచేసేవాళ్లం. "డిలీట్ చేస్తే వ్యూస్ పోతాయన్నా" అని ఆయన ఒప్పుకోలేదు.

మొహర్రానికి రొట్టెల పండగ వచ్చింది. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లు, ఎటు చూసినా జనం, హిందువులూ ముస్లింలూ అనే తేడా లేదు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, వీసా రొట్టె అని కేకలు. పద్ధతి అందరికీ తెలిసిందే. కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుంటారు. అది తీరినవాళ్లు మళ్లీ వచ్చి, అదే కోరిక పేరుతో ఇంకో రొట్టె ఇంకొకరికి ఇస్తారు. తీసుకోనివాడు ఇవ్వడానికి లేదు.

ప్రొడ్యూసర్ గారు ప్యాంటు పైకి మడిచి, కాలరు మైకు పెట్టుకుని, నీళ్లలోకి దిగి, కెమెరా వైపు తిరిగి రొట్టె పైకెత్తాడు.

"ఐడియా రొట్టె! ఐడియా రొట్టె! రండి, తీసుకోండి!"

కందుకూరు వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ దగ్గరికొచ్చి ముఖంలోకి చూసింది.

"ఇది యా సంవత్సరం తీసుకున్నావు నాయనా? తీరిందా?"

ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. నేను చేతి గడియారం చూసుకుంటూ ఉన్నాను, సరిగ్గా మూడు సెకన్లు. వాటిని ఎడిటింగులో తీసేశారు.

రొట్టె ఆ అవ్వే తీసుకుంది. గట్టెక్కి తుంచి తిని, ఉప్పు చాల్లేదంది.