యాభై గ్రాముల డబ్బా, అత్తయ్యగారి టీ

మా బావమరిది డల్లాస్ నుంచి వస్తూ నాకో పొగతాగే పైపు తెచ్చాడు. అందరికీ చాక్లెట్లు, విటమిన్ బిళ్ళలు, నాకు మాత్రం పైపు, ఎందుకంటే ఎప్పుడో వీడియో కాల్‌లో "రిటైరయ్యాక పైపు పెట్టుకుని బాల్కనీలో కూర్చుంటే భలే ఉంటుంది" అన్నానట, నాకైతే గుర్తులేదు. బ్రయర్ అంట, మధ్యధరా సముద్రం చుట్టుపక్కల పెరిగే ఏదో పొద వేరుదుంపలోంచి చెక్కుతారంట. దాంతోపాటు యాభై గ్రాముల పొగాకు డబ్బా, మూత తీస్తే అచ్చం వెనీలా ఐస్‌క్రీం.

మొదటిరోజు సాయంత్రం డబ్బాలోంచి తీసింది తీసినట్టే కూరేసి అగ్గిపుల్ల గీశా. ఆరిపోయింది. మళ్ళీ గీశా, మళ్ళీ ఆరింది, అగ్గిపెట్టె సగం ఖాళీ అయ్యాక ఎలాగో అంటుకుంది, తీరా పీలిస్తే పొగకంటే ముందు గుడగుడమని చప్పుడు, గొట్టంలో నీళ్ళు చేరి హుక్కా అయి కూర్చుంది, మొండిపట్టు పట్టి ఇంకో దమ్ము గట్టిగా లాగేసరికి ఆ చేదు రసమంతా సూటిగా నాలిక మీదకొచ్చి పడింది. వెనీలా లేదు, వంకాయా లేదు. వాత పెట్టినట్టు నాలిక మండిపోయి రెండ్రోజులు ఆవకాయ జాడీ వైపు కూడా చూడలేదు, పెరుగన్నంతో సరిపెట్టుకుంటుంటే "ఏంటి, పథ్యమా?" అంది మా ఆవిడ.

బావమరిదిని అడిగితే జెట్‌లాగ్ నిద్రలోనే ఒక కన్ను తెరిచి "ఆరబెట్టలేదా బావా?" అన్నాడు. అసలు కథ ఏంటంటే తడిగా ఉన్నది ఓ పట్టాన మండదు, మండట్లేదని మనం గట్టిగా లాగుతాం, లాగేకొద్దీ ఆ తడి ఆవిరై నోట్లోకొస్తుంది, నాలిక కాలేది ఎక్కువగా ఆ ఆవిరికే. పైపు కాల్చేవాళ్ళ లెక్కలో తేమ 13 నుంచి 15 శాతం మధ్య ఉంటే రుచి తెలుస్తుందంట. ఈ సెంటు పొగాకులకి ఎండిపోకుండా ప్రొపిలీన్ గ్లైకాల్ కూడా పట్టిస్తారు, అందుకని అవి ఎంతకీ ఆరవు. ఇదంతా డబ్బా ఇచ్చేటప్పుడు చెప్పొచ్చు కదా, చెప్పడు, అటు తిరిగి పడుకున్నాడు.

సరే ఆరవు కదా అని కాస్త తీసి పేపర్ మీద పోసి మే నెల ఎండలో డాబా మీద పెట్టొచ్చా. ఆ ఎండకి ఆరనిదేముంది! మధ్యాహ్నానికి పట్టుకుంటే పొడి. అదే కూరి వెలిగిస్తే భగ్గున అంటుకుని పది నిమిషాల్లో అయిపోయింది, పైపు చేత్తో పట్టుకోలేనంత కాలింది, వెనీలా ఎప్పుడో ఎండకే ఎగిరిపోయింది, మిగిలింది గడ్డి తగలబెట్టిన వాసన.

ఇక మధ్యేమార్గం అనుకుని ఆ రాత్రి ఇంకో రెండు గుప్పిళ్ళు స్టీలు పళ్ళెంలో పరిచి, ఫ్యాన్ గాలి తగిలే చోటని వంటింటి గట్టు మీద పెట్టి పడుకున్నా. కొడుకొచ్చాడని మా అత్తయ్యగారూ మావయ్యగారూ ఊర్నించి దిగి ఉన్నారనీ, ఆవిడ ఐదింటికే లేస్తారనీ నాకు తెలీక కాదు, గుర్తు రాలేదంతే.

పొద్దున్నే ఏదో వాసనకి మెలకువొచ్చింది. వెనీలా, దాని వెనకాల పాలు, వాటి వెనకాల మా తాతగారి పొగాకు వాసన. ఒక్క ఉరుకులో వంటింట్లో పడ్డా. "మీ బావమరిది టీ పొడి కూడా తెచ్చాడండీ, ఒక్క ముక్క చెప్పలేదు చూడండి" అంటూ అత్తయ్యగారు వడగడుతున్నారు. మావయ్యగారు అప్పటికే గ్లాసెత్తి ఒక గుక్క నోట్లో పోసుకున్నారు. "మావయ్యగారూ, వద్దు!" అని అరిచా. ఆయన ఆగమన్నట్టు చెయ్యెత్తి, కళ్ళు మూసుకుని, ఆ గుక్క అలాగే నోట్లో ఉంచుకుని ఒక్క క్షణం ఆలోచించి, వాష్‌బేసిన్లో ఉమ్మేసి, నాలుగుసార్లు పుక్కిలించి వచ్చారు.

"ఇది పొగాకండి. ఏదో తీపి పాకం పట్టించారు. తడి పదును ఇంకా తగ్గలేదండి."

అత్తయ్యగారికి కాసేపు నోట మాట రాలేదు. వచ్చాక మాత్రం ఆగలేదు. "నలభై ఏళ్ళు ఈ కంపుతో వేగాను, డాక్టరు పుణ్యమా అని మానేశారు కదా అనుకుంటే ఇప్పుడు నా టీలోకే వచ్చిందా!"

మావయ్యగారిది గోదావరి లంక. 1947లో పొగాకు పరిశోధనల కోసమే పెట్టిన సంస్థ రాజమండ్రిలో ఉంది గానీ ఈయన పరిశోధనంతా చేలోనే జరిగింది, లంకాకు పండించి, పందిట్లో వేలాడగట్టి, చుట్టలు చుట్టుకుని కాల్చిన మనిషి. పళ్ళెంలోంచి చిటికెడు తీసి వేళ్ళ మధ్య నొక్కి వదిలారు. "ముద్దలా అతుక్కుపోతే తడెక్కువండి, పొడైతే పాడైపోయినట్టు. ఇదిగో, ఇలా మెల్లిగా విచ్చుకోవాలి. మా ఆకైతే ఎండెక్కాక ముట్టుకోమండి, ముక్కలైపోద్ది, తెల్లారగట్ల మంచుకి మెత్తబడ్డాకే దింపుతాం." నేనేమో శాతాలు లెక్కేస్తున్నా.

సాయంత్రానికి ఆయన లెక్క ప్రకారం పదునుకొచ్చింది. "రుచి చూద్దామనే" అని అత్తయ్యగారికి వినపడేలా రెండుసార్లు చెప్పి పైపు అందుకున్నారు. అడుగున వదులుగా, పైన కాస్త గట్టిగా కూరారు. మొదటి పుల్లకి పైన కమిలి ఉబ్బింది, దాన్ని స్పూను కాడతో మెల్లిగా అదిమి రెండో పుల్ల గీశారు, అంతే, మూడోది ముట్టలేదు. వేడి కాఫీ చప్పరించినట్టు చిన్న చిన్న దమ్ములు, మధ్యలో కబుర్లు, శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం, ఓ ఏడాది వరదకి పొగాకు మొత్తం కొట్టుకుపోవడం. ముప్పావుగంట. బాల్కనీ అంతా వెనీలా. నాకూ ఒక దమ్ము ఇస్తారేమో అని పక్కనే స్టూలేసుకుని కూర్చున్నా.

చివర్న పైపు బోర్లించి తట్టారు. చుక్క నీరు లేదు. "చూశారా అల్లుడుగారూ, బూడిద ఎంత తెల్లగా వచ్చిందో."

లోపల్నించి అత్తయ్యగారు. "ఆ టీ గిన్నె మీ ఇద్దర్లో ఎవరు తోముతున్నారు?"