మెట్లెక్కితే పైన దేవుడు కూడా లేడు బావా

ముందే చెప్పేస్తున్నా, ఇటలీ ప్రభుత్వం చింక్వె తెర్రెలో, అంటే సముద్రం పక్కన కొండల్లో ఉన్న అయిదు ఊళ్ళలో, రైలుని వెంటనే రద్దు చేయాలి. మొంతెరొస్సో నుంచి వెర్నాజ్జాకి రైల్లో నాలుగైదు నిమిషాలు. అదే ఊరికి కొండ మీద నుంచి నడిస్తే దాదాపు రెండు గంటలు, ఆ నడకకి మళ్ళీ టికెట్! జులై ఎండలో డబ్బులు కట్టి మరీ చెమటలు కక్కుకుంటూ పోతుంటే కింద నుంచి ఆ రైలు కూత వేసుకుంటూ పోతుంది చూడండి, అది మనల్ని వెక్కిరించడం కాకపోతే ఏంటి.

మా బామ్మర్ది రబ్బరు చెప్పులతో బయల్దేరాడు. చెప్పులేసుకుని ట్రెక్కింగ్ దారి ఎక్కితే 50 నుంచి 2500 యూరోల దాకా ఫైన్ అని 2019 లోనే ఇక్కడి నేషనల్ పార్కువాళ్ళు చెప్పారురా అంటే వెనక్కెళ్ళి బూట్లేసుకొచ్చాడు. తిరుమలకి చెప్పుల్లేకుండా ఎక్కిన వంశం మాది, ఇక్కడ చెప్పులుంటేనే నేరం!

నాకర్థమైంది ఏంటంటే ఇది మొక్కే, కాకపోతే దేవుణ్ణి తీసేసిన మొక్కు. రైలు రాకముందు ఈ ఊళ్ళవాళ్ళకి పడవ తప్పితే ఇదే దారి, కొండని మెట్లు మెట్లుగా చెక్కి, సున్నం సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టి, ద్రాక్ష బుట్టలు నెత్తిన పెట్టుకుని ఎక్కి దిగారు. ఇప్పుడు ఆ ద్రాక్ష బుల్లి మోనోరైలు మీద కూర్చుని దిగుతోంది, బరువు మోసేది మేము, బ్యాగులో మూడు వాటర్ బాటిళ్ళు, ఒక పవర్ బ్యాంకు. చాలా తోటలు వదిలేశారు, చూసుకునేవాళ్ళు లేక గోడలు కూలుతున్నాయి. యునెస్కో 1997 లో గుర్తించింది ఆ చేతుల కష్టాన్నే. మేము మాత్రం గోడకి ఆనుకుని సెల్ఫీ తీసుకుని, ఎంత ప్రకృతి అండీ అంటున్నాం.

ప్రేమికులకి వేరే దారి ఉంది, రియోమజ్జోరె నుంచి మనరోలాకి, పేరే ప్రేమ దారి. కిలోమీటరు కూడా ఉండదు. 2012 లో రాళ్ళు పడి మూసేస్తే మళ్ళీ 2024 లో తెరిచారు, పన్నెండేళ్ళు ఆగిన ప్రేమకి ఇప్పుడు విడిగా టికెట్, టైమ్ స్లాట్, వన్ వే. పెళ్ళైనవాళ్ళకి ఇందులో కొత్తేమీ కనపడదు.

మేము కొర్నీలియా చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అయిదు ఊళ్ళలో సముద్రానికి ఆనుకోకుండా కొండ నెత్తిన కూర్చున్నది ఇదొక్కటే, స్టేషన్ మాత్రం కింద, మధ్యలో 380 దాకా మెట్లు. అలిపిరి 3550 ముందు ఇదెంత అని నేను బిల్డప్ ఇచ్చా. బామ్మర్ది నిమ్మకాయ ఐస్ చప్పరిస్తూ "అక్కడ పైన లడ్డూ ఇస్తారు బావా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఉన్నా ఊపిరి లేదు.

తిరుగు ప్రయాణం రైల్లోనే, అవును, రద్దు చేయమన్న రైల్లోనే, ఈరోజుకి ఉండనివ్వండి. పొద్దుణ్ణుంచి నడిచిందంతా నిమిషాల్లో అయిపోయింది, అందులో ఎక్కువ భాగం సొరంగమే, సముద్రం అలా మెరిసి మాయమైంది. చూశావా, నడవకపోతే ఏం కనపడదు అన్నా గంభీరంగా.

"ఏసీ ఉంది కదా బావా" అని కళ్ళు మూసుకున్నాడు.