మోచేతికి సీలు వేయించాలి

మన దేశంలో మెట్రిక్ కొలతలకు 1956లోనే చట్టం వచ్చింది. బట్టల కొట్టులో గజంబద్ద పోయి మీటరు బద్ద వచ్చింది. కాటాలకూ తూకం రాళ్లకూ సీళ్లు పడుతున్నాయి. ఒక్క కొలసాధనం మాత్రం ఇంతవరకూ ఏ ఇన్‌స్పెక్టరు కంటా పడలేదు. పూలమ్మి మోచెయ్యి.

మీటరు కోసం ఎంత తంటాలు పడ్డారో చూడండి. 1889లో పారిస్ పక్కన సెవ్ర్‌లో ఒక ప్లాటినం ఇరిడియం కడ్డీని భద్రంగా దాచి, ఇదే మీటరన్నారు. అదీ చాలక 1983లో, శూన్యంలో వెలుతురు సెకనులో 29,97,92,458వ వంతు కాలానికి పోయే దూరమే మీటరని తేల్చారు. మూరకి ఈ హంగామా లేదు. మోచేతి నుంచి నడివేలి కొస దాకా, అంతే. ఎవరి మోచెయ్యి అన్నది మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

మా వీధి చివర పూలమ్మిని గమనించాను. దారం కొస వేళ్ల మధ్య పట్టుకుని దండని మోచేతి దాకా లాగుతుంది. ఆ లాగడంలోనే వేళ్లు కాస్త ముడుచుకుంటాయి. మామూలు రోజుల్లో ఫరవాలేదు. వరలక్ష్మీ వ్రతం నాడు మాత్రం అదే మూర జానా బెత్తెడవుతుంది. వస్తువులు వేడికి వ్యాకోచిస్తాయని బడిలో చెప్పారు గానీ, గిరాకీకి సంకోచిస్తాయని చెప్పలేదు. అందుకే నా డిమాండు: పూలమ్మే వాళ్ల మోచేతులకు సీలు వేయాలి. లైసెన్సులు ఆజానుబాహువులకే ఇవ్వాలి.

మిగతా కొలతల జోలికి పోకండి. హైదరాబాద్‌లో స్థలం గజాల్లోనే, టీవీ అంగుళాల్లోనే ఉండనివ్వండి. పెళ్లికొడుకు ఆరడుగుల అందగాడంటే సంబంధం ఖాయమవుతుంది. అదే 183 సెంటీమీటర్ల అందగాడంటే ఆడపిల్లవాళ్లకు టెన్షన్, కుర్రాడికి ఏ జబ్బు చేసి స్కానింగు తీయించారోనని.

మొన్న శుక్రవారం మా ఆవిడ ఇక ఊరుకోలేక తన చెయ్యే చాపింది.

"నా చేత్తో కొలువమ్మా, మూర."

పూలమ్మి ఆ చేతిని పైనుంచి కిందికి ఓసారి చూసింది.

"దానికేం భాగ్యమమ్మా. నా చేత్తో అయితే నలభై, మీ చేత్తో అయితే యాభై."